‘దించకు’ అన్నదెవరు?

తమ్ముడి చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం మైకమ్మ కంటపడిన చోట కిందటివారం కథ ఆగింది. “తప్పంతా నాదే, ఏ శిక్ష వేసినా సరే” అని రెండు ముక్కలు రాసి కింద సంతకం పెట్టుకున్నాడు మహానుభావుడు. అతను సరుకుల యార్డులో క్రేన్ ఆపరేటరు. పందొమ్మిది రోజుల కిందట అతను దించిన ఇనప రేకుల కట్ట కింద పడి సరుకులు మోసే ఒక ఖలాసీ రెండు కాళ్లూ నలిగిపోయాయి. దించొద్దని చెప్పినా వినకుండా దించాడని కంపెనీ ఆరోపణ. ఈరోజు మధ్యాహ్నం నాలుగింటికి యార్డు షెడ్డులో అందరి ముందూ విచారణ. ముద్దాయి తరఫున ఒక్క మనిషి మూడే మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. ఆ ఒక్క మనిషీ అక్క. తప్పు అతనిదేనని తేలితే లైసెన్సు పోతుంది, ఫైలు పోలీసుల చేతికి వెళుతుంది. ఆ జేబులో కాగితం విచారణ బల్ల మీదికి చేరితే తేల్చడానికి కూడా ఏమీ మిగలదు.

మైకమ్మ అసలు పేరు బస్టాండులో ఎవరికీ గుర్తులేదు. పద్నాలుగేళ్లుగా అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే మనిషికి ఇంకో పేరు అవసరం లేదనుకున్నారు కాబోలు. ఊళ్లో సగం మందికి ఆమె గొంతు తెలుసు, ముఖం తెలియదు. అలాంటి మనిషి ఇవాళ మూడొందల మంది ముందు నిలబడాలి.

స్టవ్ మీద టీ పెట్టి, రాసుకున్న కాగితాలు గొణుక్కుంటూ, చూడకుండానే గిన్నెమీద చెయ్యి వేసింది.

“దించకు, దించకు! ఇంకా మరగలేదు” అన్నాడు భర్త, గుమ్మంలో నిలబడి బూట్ల తాళ్లు కట్టుకుంటూ.

ఆయన కూడా ఆ కంపెనీవాడే. ఇరవయ్యేళ్లు పెద్దాఫీసులో ఫైళ్ల మధ్య గడిపి, మూడు నెలల కిందటే యార్డుకి అసిస్టెంట్ సూపర్‌వైజరుగా వచ్చాడు. ప్రమాదం జరిగిన రోజు నుంచీ సరిగ్గా తింటే ఒట్టు. కళ్లకింద నల్లటి చారలు. బావమరిది మీద ఎంత బెంగపెట్టుకున్నాడో అని మైకమ్మకి లోపల్లోపల ఒక గర్వం కూడా ఉండేది.

“నా మాట విను” అన్నాడు ఆయన. “నువ్వు అక్కడ నిలబడి మాట్లాడితే పైవాళ్లకి పంతం పెరుగుతుంది. వాడు రాసుకున్న కాగితం ఇచ్చేయనీ. జాలిపడి వదిలేస్తారు. నేను చూసుకుంటాగా.”

“ఏం చూసుకుంటారు? వాడు చెయ్యని తప్పుకి జైల్లో అన్నం క్యారేజీ ఇచ్చి రావడమా?”

ఆయన ఇంకేదో అనబోయి, ఒక బూటు తాడు ముడి పడకుండానే వెళ్లిపోయాడు. టీ పొంగి స్టవ్ ఆరిపోయింది.

పదింటికల్లా మేనత్త దిగింది. వస్తూనే చేతిగడియారం విప్పి బల్లమీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. రిటైరై పదేళ్లయినా ఆవిడకి ఇప్పటికీ వీపు నిటారే. టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ముప్పయ్యేళ్లు ట్రంకు కాల్స్ కలిపిన మనిషి. తమ్ముడు అవతల గోడకి ఆనుకుని చాపమీద కూర్చుని ఉన్నాడు. నాలుగు రోజులుగా అతని నోట్లోంచి మాట రాలేదు. అడిగితే తలూపుతాడు, లేకపోతే అదీ లేదు.

“ఊఁ, కానియ్” అంది అత్త.

మైకమ్మ గొంతు సవరించుకుంది. “గౌరవనీయులైన విచారణ సంఘం అధ్యక్షులవారికి, సభ్యులకు, సోదర కార్మికులకు నా నమస్కారాలు. గౌరవనీయులైన విచారణ సంఘం అధ్యక్షులవారికి, సభ్యులకు, సోదర...”

“ఆగవే! వాళ్లకి ఒకసారి పెట్టావు కదా నమస్కారం?”

“అలవాటత్తా. మా దగ్గర ఏదైనా రెండుసార్లు చెప్పాలి. మొదటిసారి చెబితే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది. రెండోసారికి గానీ చెవి పెట్టరు.”

“సరే, పొడిగించు. నేను గడియారం చూస్తా.”

పొడిగించింది. చిన్నప్పుడు తండ్రి పోవడం, తమ్ముణ్ణి తను సాకడం, అతను రాత్రిళ్లు చదివి లైసెన్సు తెచ్చుకోవడం, తొమ్మిదేళ్లలో ఒక్క మచ్చ లేకపోవడం, అన్నీ చెప్పింది. సగం వాక్యాలు రెండేసిసార్లు చెప్పింది. చివరికి “కాబట్టి ఆరోజు నిజానికి ఏం జరిగిందంటే” అనేసరికి అత్త బల్లమీద వేలితో కొట్టి, “టైమైందండీ” అంది, అచ్చు పాత ఎక్స్‌చేంజి గొంతుతో.

“అసలు విషయానికి ఇప్పుడే వస్తున్నా కదత్తా!”

“నువ్వు వచ్చేసరికి లైను కట్. మూడు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి, ఇప్పుడు అయిదున్నర.” అత్త ముందుకి వంగింది. “ముప్పయ్యేళ్లు విన్నానే నేను ఈ భాగోతం. ట్రంకు కాల్ అంటే మూడు నిమిషాలు. ఒక్కొక్కరు పొద్దుటినుంచి పడిగాపులు పడితే లైను దొరికేది. తీరా దొరికాక ఏం మాట్లాడేవాళ్లు? బాగున్నారా, బాగున్నాం, పిల్లలు బాగున్నారా, ఇక్కడ వాన, అక్కడ కూడానా? నేను మధ్యలో దూరి టైమైందండీ అనగానే, ‘అన్నట్టు, నాన్న పోయాడు’ అనేవాళ్లు. అంతే, లైను కట్. అవతల మనిషి హలో, హలో అని ఏడవడం నా చెవిలో. నేను ఇంకో కాల్ కలపాలి. నాన్న పోయాడన్న ముక్క ముందు చెప్పవే తల్లీ. వాన సంగతి టైముంటే చెబుదువుగాని.”

మైకమ్మకి నవ్వు రాలేదు. మొదటి రెండు కాగితాలూ చింపేసింది. తండ్రి పోయాడు, తమ్ముడి చదువు పోయింది, నమస్కారాలు పోయాయి. మిగిలిన సగం కాగితంతో మళ్లీ లేచింది.

ఈసారి అత్త పెరట్లోకి వెళ్లి నిలబడింది. “షెడ్డులో వెనకవాళ్లు ఇంత దూరంలో ఉంటారు. చెప్పు.”

“మా తమ్ముడు ఏ తప్పూ చెయ్యలేదు.”

“‘మా తమ్ముడు ఏ తప్పూ చే’ వరకే వినపడింది” అని పెరట్లోంచి కేక. “తోక మింగేశావు. ఏడుపు గొంతుకి తోక నిలవదు. ‘తప్పు’ మాత్రం గట్టిగా వినపడింది, అది మటుకు బ్రహ్మాండంగా ఉంది.”

మైకమ్మ చటుక్కున కుర్చీలో కూలబడింది. ఆ సంగతి తనకి తెలియంది కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే, ఎనిమిదింటి బస్సు ఈరోజు రాదు అని మైకులో చెప్పింది. స్పీకర్ల గరగరలో చివరి అక్షరం ఎవరికీ వినపడలేదు. జనం మూటాముల్లె పట్టుకుని మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి, ఆ తర్వాత వచ్చి అద్దాల గది తలుపు బాదారు. అప్పటినుంచీ బస్టాండులో రాదు అన్న మాట నిషిద్ధం. రద్దయింది అనాలి. కాదు, లేదు, వద్దు అనేవన్నీ మన భాషలో మాట చివర వేలాడుతుంటాయి. మైకులో చివర్లే ముందు పోతాయి.

“నావల్ల కాదత్తా” అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. “గదిలో కూర్చుని చెప్పడం వేరు. ఒక్క ముఖం కనపడదు నాకు. అక్కడ మూడొందల ముఖాలు. ఖలాసీ పెళ్లాం ముందు వరసలో కూర్చుంటుంది. ఆవిణ్ణి చూస్తే నాకు నోరు పెగులుతుందా?”

“ఆవిడతోనే మాట్లాడు” అంది అత్త లోపలికి వస్తూ. “ట్రంకు కాల్ ఊరందరికీ చెయ్యరు. ఒక్కరికి చేస్తారు. ఆ ఒక్కరూ ఆవిడ.”

“నా ముఖాన ఉమ్మేస్తుంది.”

“ఉమ్మనీ. విన్నాకే కదా ఉమ్మేది.”

మైకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, కంపెనీ నిన్న సాయంత్రం పంపిన కవరు తీసింది. అందులో పెద్దమేస్త్రీ వాంగ్మూలం ఉంది. పెద్దమేస్త్రీ అంటే కింద నిలబడి సెట్‌లో, అంటే వాకీటాకీలో, పైనున్న ఆపరేటరుకి ఎత్తు, దించు అని చెప్పే మనిషి. దానికి జవాబు ఎలా చెప్పాలో చూద్దామని ఆమె పైకి చదివింది. “కట్ట గాలిలో ఉండగా కింద ఖలాసీ ఉన్నట్టు గమనించి నేను సెట్‌లో ‘దించకు, దించకు’ అని రెండుసార్లు స్పష్టంగా చెప్పాను. అయినప్పటికీ ఆపరేటరు కట్టను దించివేశాడు.”

“ఏమన్నాడు?”

అత్త, మైకమ్మ ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మాట గోడ దగ్గరి నుంచి వచ్చింది.

“మళ్లీ చదువక్కా.”

ఆమె రెండోసారి చదివింది. తమ్ముడు చాపమీది నుంచి లేచి వచ్చి, కాగితం లాక్కుని, ఆ మాట మీద వేలు పెట్టి చూశాడు. నాలుగు రోజుల మౌనం తర్వాత అతని గొంతు బొంగురుగా ఉంది.

“పెద్దమేస్త్రీ ఈ మాట అనడు. చచ్చినా అనడు.”

“అదేంట్రా? నువ్వు దించొద్దన్నా దించావనే కదా అందరూ అంటున్నది?”

“దించొద్దన్నాడని అంటున్నారు. ఏ మాట అన్నాడో నాకెవరూ చెప్పలేదక్కా. మా యార్డులో దించమంటే ‘దించు, దించు’. రెండుసార్లు. ఒకసారి అంటే కదపకూడదు. ఆపాలంటే ‘ఆపు’. అది ఒక్కసారి చాలు. ఎవరన్నా సరే, గేటు దగ్గర కాపలావాడు అన్నా సరే, చేతిలో పని చేతిలో ఆపెయ్యాలి. దించకు, ఎత్తకు, తిప్పకు, ఈ మాటలు మాకు లేనే లేవు. సెట్‌లో తోక వినపడదు. నేను చేరిన మొదటిరోజు నోరుజారి ‘ఎత్తకు’ అంటే, పెద్దమేస్త్రీ అందరిముందూ చెంపమీద కొట్టాడు. ‘ఇవి వంటింటి మాటలురా, ఇక్కడ పలికితే మనిషి చస్తాడు’ అన్నాడు.”

“మరి ఆరోజు నీకేం వినపడింది?” అంది అత్త మెల్లిగా.

“దించ్... దించ్... గరగర. రెండుసార్లు. దించాను. పందొమ్మిది రోజుల్నుంచి నా చెవే నన్ను మోసం చేసిందనుకున్నాను. అందరూ ఆపమన్నామంటున్నారు, నాకేమో దించమనే వినపడింది. పిచ్చెక్కిందేమో అనుకున్నానక్కా. ఆ గరగరలో గొంతు ఎవరిదో కూడా తెలీలేదు.”

అత్తే ముందు తేరుకుంది. “అంటే దించకు అని ఎవరో నిజంగానే అన్నారు. అది యార్డు భాష రాని మనిషి. పెద్దమేస్త్రీ చేత ఆ మాట తన మాటగా సంతకం పెట్టించారు.”

“ఎవరత్తా?”

“అది కనుక్కునే టైము లేదు. నీ ప్రసంగం మార్చే టైము మాత్రం ఉంది. రాయకు. రాస్తే రెండుసార్లు చదువుతావు.”

మైకమ్మ తమ్ముడి జేబు వైపు చెయ్యి చాపింది. అతను జేబుమీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. “నువ్వు మాట్లాడాక చూద్దాం. వాళ్లు నమ్మకపోతే ఇచ్చేస్తాను. ఇంక నావల్ల కాదక్కా. ఆ కాళ్లు నా కళ్లముందు నుంచి పోవడంలేదు” అన్నాడు.

నాలుగింటికి షెడ్డులో ఇసుక వేస్తే రాలనంత జనం. రేకుల కప్పు కింద వేడి, గ్రీజు వాసన. బెంచీలు చాలక చాలామంది చెక్కపెట్టెల మీద, ఇనప దూలాల మీద కూర్చున్నారు. బయట దూరంగా ఒక క్రేన్ మాత్రం నడుస్తూనే ఉంది, లారీలు ఆగకూడదు కనక. ముందు వరసలో ఖలాసీ భార్య, ఒళ్లో ఆసుపత్రి మందుల సంచి. పక్కగా స్టూలు మీద పెద్దమేస్త్రీ, తలవంచుకుని టోపీ నలుపుకుంటున్నాడు. మూడో వరసలో ఆఫీసువాళ్ల మధ్య మైకమ్మ భర్త. తమ్ముడు స్తంభం దగ్గర నిలబడ్డాడు, చెయ్యి జేబుమీద. అధ్యక్షుడు గడియారం చూసి గంట కొట్టాడు.

మైకమ్మ మైకు ముందు నిలబడింది. ముఖాలు. అన్నీ ముఖాలే. పద్నాలుగేళ్ల అలవాటు ఆమె నోట్లోంచి దానంతటదే బయటికి దూకింది.

“ప్రయాణికులు దయచేసి గమనించగలరు...”

షెడ్డంతా గొల్లుమంది. “బస్సెన్నింటికమ్మా?” అని వెనకనుంచి ఎవడో అరిచాడు. ఇంకా నవ్వులు. ఇరవై సెకన్లు మంటగలిశాయి. పారిపోదామనిపించింది. స్తంభం దగ్గర తమ్ముడు జేబులో వేళ్లు పెట్టాడు. అది చూసి ఆమె గబుక్కున ముందు వరసకి చూపు తిప్పుకుంది. నవ్వని మనిషి అక్కడ ఒక్కతే ఉంది.

“చెల్లీ” అంది ఖలాసీ భార్యని చూస్తూ. “నీ భర్త కాళ్లు నలిగింది మా తమ్ముడు దించిన కట్ట కిందే. అది నిజం.”

నవ్వులు ఆగిపోయాయి. ఖలాసీ భార్య తలెత్తింది.

“వాడు మాట విన్నాడు. సెట్‌లో రెండుసార్లు విన్నాడు, దించాడు. ఆ మాట పలికింది ఎవరో తెలియాలి. నాకన్నా ముందు నీకు తెలియాలి.” మైకమ్మ వాంగ్మూలం తెరిచి ఒకే ఒక్క వాక్యం చదివింది. “‘నేను సెట్‌లో దించకు, దించకు అని రెండుసార్లు స్పష్టంగా చెప్పాను.’ పెద్దమేస్త్రీ సంతకం.”

వెనక దూలాల మీద కూర్చున్నవాళ్లలో కదలిక వచ్చింది. ఒకడు పక్కవాడి మోచెయ్యి పొడిచాడు.

“బాబులూ, మిమ్మల్నందర్నీ ఒకటే అడుగుతాను. క్రేన్ ఆపాలంటే యార్డులో ఏమంటారు?”

ఎవరూ పలకలేదు. అధ్యక్షుడు కళ్లజోడు సర్దుకున్నాడు. అత్త వద్దన్న అలవాటే అప్పుడు అక్కరకొచ్చింది. మైకమ్మ ఇంకొక్కసారి, అదే గొంతుతో అడిగింది. “క్రేన్ ఆపాలంటే యార్డులో ఏమంటారు?”

“ఆపు” అంది ఒక ముసలి గొంతు. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత మూడొందల గొంతులూ కలిసి “ఆపు!” అన్నాయి. రేకుల కప్పు అదిరింది. బయట నడుస్తున్న క్రేన్ చప్పుడు ఠక్కున ఆగిపోయింది. పైనున్న ఆపరేటరు పాపం ఎవరికేం ముంచుకొచ్చిందోనని కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తున్నాడు.

ఖలాసీ భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తమ్ముడు జేబులోంచి చెయ్యి తీశాడు. మైకమ్మకి ఒక్కసారిగా ఒంట్లోకి ప్రాణం వచ్చింది. గెలిచాననుకుంది.

“దించకు అన్నది ఇక్కడి మాట కాదు, అది వంటింటి...”

మాట గొంతులోనే ఆగింది. ఈసారి తోక మింగింది ఏడుపు కాదు. దించకు, దించకు, ఇంకా మరగలేదు. పొద్దున్న వంటింటి గుమ్మంలో విన్న మాట, విన్న గొంతు. యార్డుకి వచ్చి మూడు నెలలు. ముడిపడని బూటు తాడు. కాదు, కాకూడదు అని తనకి తను చెప్పుకుంది. కానీ ప్రశ్న అప్పటికే నాలుక మీద ఉంది, అడగకపోతే తమ్ముడి చెయ్యి మళ్లీ జేబులోకి పోతుంది.

“మేస్త్రీగారూ, ఆరోజు సెట్ ఎవరి చేతిలో ఉంది?”

పెద్దమేస్త్రీ చేతుల్లో టోపీ నలగడం ఆగింది. ఆయన తల మెల్లిగా, ఆయనకి తెలియకుండానే, మూడో వరస వైపు తిరిగింది.

ఆమె కూడా తిరిగింది. భర్త ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. పందొమ్మిది రోజులు ఈ మనిషే తమ్ముడి పక్కన కూర్చుని అన్నం కలిపిపెట్టాడు. ఆ కాగితం ఇచ్చేయమని చెప్పిందీ ఈ మనిషే. బెంగ అనుకుని తను గర్వపడింది. అంత గర్వపడ్డందుకు ఆమెకి తన మీదే అసహ్యం వేసింది, దానితోపాటు ఆయన మీద జాలీ వేసింది, రెండిటినీ విడదీసుకునే టైము లేదు. అధ్యక్షుడు గంట మీద చెయ్యి వేశాడు. ఒకపక్క తమ్ముడు, ఒకపక్క తన ఇల్లు.

ఏదైనా రెండోసారి చెబితేనే చెవి పెడతారు.

“సెట్ ఎవరి చేతిలో ఉంది?” అని ఆమె రెండోసారి, మూడో వరస వైపు చూసి అడిగింది.

బెంచీ కిర్రుమంది. భర్త లేచి నిలబడ్డాడు. మూడొందల తలలు అటు తిరిగాయి. ఆయన నోట్లోంచి ఒకే ఒక్క మాట బయటికి వచ్చింది.

“ఆపు.”

యార్డులో ఆ మాటకి ఒక్కసారి చాలు. ఎవరన్నా సరే, చేతిలో పని చేతిలో ఆపెయ్యాలి. అధ్యక్షుడి గడియారంలో ఇంకా పదకొండు సెకన్లు ఉన్నాయి, మైకు ఇంకా ఆమె ముందే ఉంది.